రాజేంద్రనగర్ నుంచి రన్‌వే దాకా

పెంపుడు జంతువుల క్యాన్సర్‌కు రేడియేషన్ వైద్యం చేసే నిపుణులు కావాలంటే మన పిల్లలు దేశం దాటాలి. ఆ చదువు మొదలయ్యే కళాశాల, వాళ్ళు విమానం ఎక్కే చోటు హైదరాబాద్‌లో ఒకే దారిలో ఉన్నాయి.

మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే పదకొండున్నర కిలోమీటర్లు నేలమీదికి దిగే పని ఉండదు. 2009లో ఈ వంతెన తెరిచాక కింద బస్తీల పేర్లు వెనక్కి పోయి పిల్లర్ నంబర్లే అడ్రసులయ్యాయి. ఆరాంఘర్‌లో వంతెన దిగాక దారి చీలుతుంది. సూట్‌కేసులున్న కార్లు నేరుగా శంషాబాద్ వైపు సాగిపోతాయి. పక్కకు మళ్ళితే రాజేంద్రనగర్. వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన, కోళ్ళ పరిశోధన సంస్థలు, చెట్ల నీడన పాత క్వార్టర్లు, వాటి మధ్య 1946లో మొదలైన పశువైద్య కళాశాల. వంతెనకు ఎవరి పేరు పెట్టారో ఈ కళాశాలను నడిపే విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే: పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం.

ఇక్కడి నుంచి విమానాశ్రయానికి అటూఇటూగా పదిహేను కిలోమీటర్లు. ఆ కొద్ది దూరంలో ఒక వైద్యవృత్తి కథ మొత్తం ఇమిడి ఉంది. క్యాన్సర్ వచ్చిన కుక్కలకు, పిల్లులకు రేడియేషన్‌తో చికిత్స చేసే నిపుణుల్ని వెటర్నరీ రేడియేషన్ ఆంకాలజిస్టులంటారు. ఊళ్ళలో మనవాళ్ళు 'కరెంటు పెట్టించుకున్నారు' అని చెప్పుకునే వైద్యమే ఇది, మూగజీవాలకు చేసేది. రాజేంద్రనగర్‌లో చదువుకున్న విద్యార్థికి ఈ వృత్తి మీద మనసు పడితే, తర్వాతి మెట్టు శంషాబాద్ రన్‌వే. ఇక్కడ అందుకు తగిన పీజీ చదువు లేదు, కిరణాలు వేసే యంత్రం లేదు, చదివి తిరిగొస్తే చేరడానికి ఉద్యోగం లేదు. ఈ మూడూ ఇదే దారిలో ఏర్పడాలని, ఏర్పడగలవని నమ్మి రాస్తున్న కథనం ఇది.

ఊరు మారింది, కుక్కలూ మారాయి

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారకముందు శంషాబాద్ అంటే బెంగళూరు హైవే మీద ఒక మండల కేంద్రం. చుట్టూ జొన్న చేలు, ద్రాక్ష తోటలు, గొర్రెల మందలు, గుట్టలు. గొల్లపల్లి, మామిడిపల్లి వంటి ఊళ్ళ చుట్టుపక్కల దాదాపు ఐదున్నర వేల ఎకరాలు విమానాశ్రయానికి పోయాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ముచ్చింతలలో 216 అడుగుల రామానుజుల విగ్రహం లేచింది. నర్కూడ అమ్మపల్లి గుడి సినిమా షూటింగులతో ఊరూరా తెలిసిపోయింది. పొలాలు ఫామ్‌హౌసులయ్యాయి, ఫామ్‌హౌసులు గేటెడ్ కమ్యూనిటీలయ్యాయి.

మనుషులతోపాటు జంతువుల జీవితమూ మారింది. ఒకప్పుడు ఇక్కడి కుక్క పొలం గట్టున మంచె కింద పడుకుని పందుల్ని తరిమేది. ఏడెనిమిదేళ్ళు బతికితే గొప్ప. ఇప్పుడు విల్లాల్లో లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, రాట్‌వైలర్లు సోఫాల మీద నిద్రపోతున్నాయి. టెర్మినల్‌లో సీఐఎస్‌ఎఫ్ డాగ్ స్క్వాడ్ కుక్కలు ప్రయాణికుల సామాన్ల మధ్య ముక్కు ఆనించి తిరుగుతుంటాయి. విదేశాల నుంచి పెంపుడు జంతువుల్ని దించుకోవడానికి అనుమతి ఉన్న కొద్దిపాటి విమానాశ్రయాల్లో ఇదొకటి. కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఇక్కడ పనిచేస్తుంది. దుబాయ్‌లోనో డాలస్‌లోనో కాపురం ముగించుకుని వచ్చే తెలుగు కుటుంబం పిల్లినీ కుక్కనూ వెంట తెచ్చుకుంటే, వాటి టీకా కాగితాలు, చర్మం కింద మైక్రోచిప్ చూసి లోపలికి పంపేది వీళ్ళే.

రేబిస్, డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులకు టీకాలు సక్రమంగా పడుతున్నాయి. తిండి బాగుంది. రోడ్డు మీద తిరిగే ప్రమాదం తగ్గింది. అందుకే ఇళ్ళలోని కుక్కలు పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతున్నాయి. ఆయుష్షు పెరిగితే మనిషికైనా జంతువుకైనా క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. గోల్డెన్ రిట్రీవర్‌లో రక్తనాళాల, లసిక గ్రంథుల క్యాన్సర్లు, బాక్సర్‌లో చర్మం మీద మాస్ట్ సెల్ గడ్డలు, రాట్‌వైలర్‌లో ఎముక క్యాన్సర్ ఎక్కువ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో రొమ్ము గడ్డలు మరీ సాధారణం. మొదటి ఎదకు ముందే ఆ ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటికీ చేరితే ఎన్నో కణితులు పుట్టనే పుట్టవు.

కత్తి ఉంది, మందు ఉంది

క్యాన్సర్ మీద పశువైద్యుడి చేతిలో ప్రధానంగా మూడు ఆయుధాలు: కత్తి, మందు, కిరణం. మొదటి రెండూ మన దగ్గర ఉన్నాయి. రాజేంద్రనగర్ క్యాంపస్ ఆసుపత్రిలోనూ, అదే కళాశాలకు చెందిన భోయిగూడ ఆసుపత్రిలోనూ, పశుసంవర్ధక శాఖ నడిపే నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ శస్త్రచికిత్సలు చేసే డాక్టర్లు ఉన్నారు. కీమో ఇచ్చే ప్రైవేటు క్లినిక్కులూ నగరంలో పెరిగాయి.

మందు విషయంలో మన పెరట్లోని మొక్క ఒకటి చెప్పుకోవాలి. వీధికుక్కల్లో జత కలిసినప్పుడు ఒకదాని నుంచి మరోదానికి అంటుకునే కణితి ఒకటుంది. అది వైరస్ వల్ల వచ్చేది కాదు. క్యాన్సర్ కణాలే ఒంటి నుంచి ఒంటికి పాకుతాయి. కొన్ని వేల ఏళ్ళ కిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాల సంతతే నేటికీ ప్రపంచమంతా బతుకుతోందని జన్యు పరిశోధనలు తేల్చాయి. మన వీధుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. దానికి ఇచ్చే మందు విన్‌క్రిస్టిన్. వారానికో ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలిస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. ఆ మందు తీసేది బిళ్ళగన్నేరు నుంచి. రక్తం కారుతూ వచ్చిన కుక్క నెల తిరిగేసరికి తోక ఊపుకుంటూ వెళ్ళడం పశువైద్య విద్యార్థులు చదువుకునే రోజుల్లోనే కళ్ళారా చూసే అద్భుతం. క్యాన్సర్ అనగానే చావే అని అనుకోనక్కరలేదన్న నమ్మకం చాలామందికి అక్కడే మొదలవుతుంది.

పశువైద్యులు క్యాన్సర్‌తో తలపడటం మనకు కొత్తా కాదు. పొడవైన కొమ్ములుండే నాటు ఎడ్లకు కొమ్ము మొదట్లో పుట్టే క్యాన్సర్ భారతదేశపు రైతుకు తరాలుగా తెలుసు. కొమ్ము ఒక పక్కకు వాలిపోతుంది. ఎద్దు తల విదిలిస్తూ ఉంటుంది. ముక్కులోంచి రక్తం వస్తుంది. కొమ్ము మొదలంటా కోసి, చర్మం కప్పి కుట్టి, ఎద్దును మళ్ళీ కాడి కిందికి పంపిన సర్జన్లు మన జిల్లాల్లో ఎందరో. పెంపుడు కుక్కకు క్యాన్సర్ వైద్యం అంటే డబ్బున్నవాళ్ళ ముచ్చట అనుకునేవాళ్ళు ఈ వారసత్వాన్ని గుర్తుపెట్టుకోవాలి.

కత్తి పోలేని చోటికి

మూడో ఆయుధం ఎందుకు అవసరమో కుక్క ముక్కు చూస్తే అర్థమవుతుంది. పొడవాటి ముక్కున్న కుక్కల్లో ఆ ముక్కు లోపల కణితి పుడితే మొదట ఒక రంధ్రం నుంచే చీమిడి, తర్వాత రక్తపు చారలు, తుమ్ములు, ఊపిరి తీస్తుంటే గురక. యాంటీబయాటిక్ ఇస్తే కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది, మళ్ళీ మొదలు. సీటీ స్కాన్ తీసేసరికి కణితి కంటి గూటి దాకానో, మెదడును వేరుచేసే పల్చటి ఎముక దాకానో వచ్చి ఉంటుంది. అక్కడ కత్తితో పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. అమెరికాలో ముక్కు క్యాన్సర్ వచ్చి చికిత్స పొందని 139 కుక్కల వివరాలు చూస్తే, అవి బతికిన కాలం మధ్యస్థంగా 95 రోజులని 2006లో ప్రచురించారు. రేడియేషన్ పూర్తిస్థాయిలో అందిన కుక్కలు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర బతుకుతున్నాయి. వాసన పట్టడమే ఉద్యోగంగా జీవితమంతా మన భద్రత కోసం పనిచేసిన కుక్కకు ఈ జబ్బు వస్తే మనం దానికి ఇవ్వగలిగేది నొప్పి మాత్రలు మాత్రమేనా? ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మెదడు పొరల కణితులు, నోటిలోని మెలనోమా, కాలి మీద పూర్తిగా తీయలేకపోయిన మెత్తటి కణజాలపు సార్కోమా, పిల్లి ముక్కు కొసన తెల్లచర్మం మీద వచ్చే పుండు వంటి క్యాన్సర్, ఇవన్నీ కిరణానికి లొంగేవో, కొంతకాలం ఆగేవో. ఎముక క్యాన్సర్ ఉన్న కుక్కకు నయం కాకపోయినా రెండు మూడు విడతల్లో పెద్ద డోసు ఇస్తే నొప్పి తగ్గి, కుంటడం తగ్గి, చివరి నెలలు కాస్త సుఖంగా గడుస్తాయి.

కిరణం చేసేది చెప్పుకోవడానికి తేలికే. కణంలోని డీఎన్ఏ దెబ్బతింటుంది. మంచి కణానికి ఆ దెబ్బను సరిచేసుకునే శక్తి ఎక్కువ, క్యాన్సర్ కణానికి తక్కువ. అందుకే మొత్తం డోసును ముక్కలు చేసి రోజుకొకటి ఇస్తారు. మనుషులకు సాధారణంగా రోజుకు 2 గ్రేల (గ్రే అంటే కిరణ మోతాదు కొలత) చొప్పున ఆరేడు వారాలు. కుక్కకు అలా కుదరదు. 'కదలకుండా పడుకో' అంటే అది వినదు కాబట్టి ప్రతి విడతకూ పూర్తి మత్తు ఇవ్వాలి. అందువల్ల విడతకు డోసు కాస్త పెంచి, నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్సను దాదాపు మూడు నాలుగు వారాల్లో పదహారు నుంచి ఇరవై విడతలకు కుదిస్తారు. కణితి అంచు స్పష్టంగా ఉంటే ఇప్పుడు మిల్లీమీటర్ల కచ్చితత్వంతో ఒకటి నుంచి ఐదు విడతల్లోనే ముగించే పద్ధతులూ వచ్చాయి.

మత్తులో కుక్క, గోడ వెనక డాక్టర్

ఈ నిపుణుల దినచర్య గురించి చదివినకొద్దీ నాకు గౌరవం పెరిగింది. ఉదయం ఖాళీ కడుపుతో కుక్కలు వస్తాయి. యజమాని గొలుసు అందించి బయట కూర్చుంటాడు. నరానికి కాన్యులా, ఇంజెక్షన్ మత్తు, గొంతులో గొట్టం, ఆపైన ఐసోఫ్లూరేన్ గ్యాసు. మొదటిరోజు స్కాన్‌లో కుక్క ఎలా పడుకుందో ప్రతిరోజూ సరిగ్గా అలాగే పడుకోబెట్టాలి. అందుకోసం గాలి తీసేస్తే ఒంటి ఆకారంలో గట్టిపడే పరుపు, పళ్ళ అచ్చుతో చేసిన బిగింపు వాడతారు. ఆ తర్వాత అందరూ గది బయటికి వచ్చేయాలి. తలుపు మూశాక లోపల ఉండేది కుక్క ఒక్కటే. దాని గుండె, ఊపిరి, ఆక్సిజన్ అన్నీ కెమెరాల్లో, తెరల మీద చూస్తుండాలి. కిరణం పడేది కొద్ది నిమిషాలు. ఏ క్షణాన ఊపిరి తడబడినా యంత్రం ఆపి లోపలికి పరుగెత్తాలి. గంట తిరిగేసరికి కుక్క లేచి అన్నం తింటుంది.

అసలు మేధస్సంతా దానికి ముందు రోజుల్లో ఖర్చవుతుంది. సీటీ స్కాన్‌లో పొర తర్వాత పొరగా కణితి చుట్టూ గీత గీస్తారు. కన్ను ఎక్కడుంది, చూపు నరం ఎక్కడుంది, మెదడు ఎంత దూరంలో ఉంది, నాలుక మీద ఎంత పడుతుంది, ఇవన్నీ వేరువేరుగా గుర్తిస్తారు. ఆ బొమ్మ తీసుకుని మెడికల్ ఫిజిసిస్ట్ ఏ కోణం నుంచి ఎంత కిరణం పంపాలో లెక్క కడతాడు. జంతువు ఎక్కకముందే ఆ లెక్కను యంత్రం మీద కొలిచి సరిచూస్తాడు. డాక్టరు, ఫిజిసిస్టు, యంత్రం నడిపే టెక్నాలజిస్టు, మత్తు చూసే నిపుణుడు: ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా యంత్రం ఉత్త ఇనుమే. కాబట్టి ఈ రంగం పశువైద్యులకే పరిమితం కాదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివి, ఎమ్మెస్సీలో మెడికల్ ఫిజిక్స్ వైపు వెళ్ళాలనుకునే అమ్మాయికీ ఇందులో చోటుంది.

దుష్ప్రభావాలు దాచకూడదు. కిరణం పడిన చోట చర్మం ఎర్రబడి పుండవుతుంది, నోరు పొక్కుతుంది, కన్ను ఎండిపోవచ్చు, కొన్ని నెలల తర్వాత కంటిపొర రావచ్చు. ఒంటిమీద వెంట్రుకలన్నీ రాలవు. ఆ ముక్కలోనే రాలి, మళ్ళీ వచ్చేటప్పుడు తెల్లగా వస్తాయి. నల్ల లాబ్రడార్ ముఖాన అది తెల్ల మచ్చలా కనిపిస్తుంది.

మనసు మీద పడే బరువు వేరు. నెల రోజులపాటు రోజూ చూసే కుక్క ఇంటి కుక్కే అయిపోతుంది. దానికి జబ్బు తిరగబడితే డాక్టర్‌కు తెలుస్తుంది, కుక్కకు తెలియదు, యజమానికి చెప్పాలి. 'ఇక చాలు, బాధ పెట్టొద్దు' అన్న మాట ఎప్పుడు చెప్పాలో తెలిసినవాడే ఈ వృత్తిలో మంచి డాక్టర్. జంతువైద్యంలో లక్ష్యం ఆయుష్షు రోజుల్ని లాగడం కాదు, ఉన్న రోజులు హాయిగా గడపనివ్వడం. ఈ మాట ఈ రంగంలోని వాళ్ళంతా గట్టిగా పట్టుకుని ఉంటారు.

పదేళ్ళకు పైబడిన చదువు

ప్రవేశ పరీక్ష ర్యాంకుతో రాజేంద్రనగర్‌లో సీటు వచ్చిన విద్యార్థికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ బీవీఎస్సీ. తర్వాత రెండేళ్ళ ఎంవీఎస్సీ. మన కళాశాలల్లో ఎక్స్‌రే, స్కానింగుల చదువు శస్త్రచికిత్సతో కలిసి ఒకే విభాగంలో ఉంటుంది. వెటర్నరీ సర్జరీ అండ్ రేడియాలజీ అంటారు. అక్కడ జబ్బును చూడటానికి ఎక్స్‌రే నేర్పుతారు. జబ్బును చంపడానికి కిరణం వాడటం ప్రత్యేక శాఖగా లేదు.

అమెరికా దారి పట్టేవాళ్ళ ముందు ఇంకా చాలా మెట్లున్నాయి. మన డిగ్రీకి అక్కడ నేరుగా గుర్తింపు లేదు కాబట్టి విదేశీ పశువైద్య పట్టభద్రుల కోసం పెట్టిన ఈసీఎఫ్‌వీజీ అనే వరుస పరీక్షలైనా, దానికి సమానమైన మరో పరీక్షైనా దాటాలి. అందులో పుస్తకజ్ఞానంతోపాటు జంతువుల మీద చేతిపని చూపించే పరీక్షా ఉంటుంది. లైసెన్సు కోసం నావ్లీ అనే పరీక్ష రాయాలి. ఆపైన ఇంటర్న్‌షిప్, దాని తర్వాత రేడియేషన్ ఆంకాలజీలో కనీసం రెండేళ్ళ రెసిడెన్సీ, బోర్డు పరీక్షలు. రెసిడెన్సీ సీట్లు దేశం మొత్తంలో ఏటా కొద్దిపాటివే. ఇంటర్ ముగించిన రోజు నుంచి లెక్కేస్తే పదేళ్ళు దాటిపోతాయి. ఇంత ఓపిక పట్టే పిల్లలు మన దగ్గర ఉన్నారు. బీవీఎస్సీ అవగానే అమెరికాకు, కెనడాకు దరఖాస్తులు పెట్టుకోవడం రాజేంద్రనగర్‌లో కొత్త విషయం కాదు.

ఈ విద్య ఒక్కరోజులో పుట్టలేదు. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌కిరణాల్ని కనిపెట్టిన కొద్ది దశాబ్దాలకే వియన్నా పశువైద్య కళాశాలలో ఆలోయిస్ పొమ్మర్ అనే డాక్టర్ జంతువుల కణితులకు ఎంత డోసు, ఎన్ని విడతలు అన్నది ఓపిగ్గా రాసి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో విలియం కార్ల్‌సన్, ఆ తర్వాత ఎడ్వర్డ్ జిలెట్ దానికి శాస్త్రీయమైన పునాది వేశారు. అమెరికాలో రేడియేషన్ ఆంకాలజీని పశువైద్యంలో ప్రత్యేక నైపుణ్యంగా గుర్తించింది 1994లో. కుక్కకు సహజంగా వచ్చే క్యాన్సర్ మనిషి క్యాన్సర్‌ను చాలా విధాల పోలి ఉంటుందని, కుక్కకు చేసిన వైద్యం మనిషికీ దారి చూపుతుందని గ్రహించి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2003లో ఇందుకోసం ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. ఎముక క్యాన్సర్ వచ్చిన కాలు తీసేయకుండా కాపాడే శస్త్రచికిత్సలు కుక్కల్లో మెరుగుపడి పిల్లలకు ఉపయోగపడ్డాయి. ఒక జంతువుకు చేసిన వైద్యం దానితోనే ఆగిపోదు.

కుక్కను అక్కడికి తీసుకుపోవచ్చుగా?

డబ్బున్న వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇది. మన దేశం రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది. అమెరికా 2024 ఆగస్టు నుంచి నిబంధనలు మార్చింది. ఇక్కడ టీకా వేయించిన కుక్క అక్కడ దిగాలంటే మైక్రోచిప్, ప్రభుత్వ వైద్యుడు ధ్రువీకరించిన పత్రం, రక్తంలో రేబిస్ నిరోధకశక్తి పరీక్ష, దిగే విమానాశ్రయంలో గుర్తింపు పొందిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందస్తు ఏర్పాటు, ఇవన్నీ కావాలి. ముక్కులో కణితితో ఊపిరాడని కుక్కకు అన్ని వారాలు ఆగే వ్యవధి ఉండదు, కార్గోలో అన్ని గంటల ప్రయాణం తట్టుకోదు. కుక్కను వైద్యం దగ్గరికి పంపడం కాదు, వైద్యాన్నే కుక్క దగ్గరికి తేవాలి.

తేవడానికి కావలసినవి మనకు లేనివా? మనుషుల రేడియేషన్ వైద్యంలో హైదరాబాద్‌ది పాత చరిత్ర. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. బసవతారకం ఆసుపత్రి 2000లో మొదలైంది. కృష్ణా జిల్లాలో పుట్టి న్యూయార్క్‌లో రేడియేషన్ నిపుణుడిగా పేరుపొంది 2015లో పద్మశ్రీ అందుకున్న నోరి దత్తాత్రేయుడు గారి పేరు తెలియని తెలుగిల్లు తక్కువ. మన మెడికల్ ఫిజిసిస్టులు, టెక్నాలజిస్టులు దేశమంతా పనిచేస్తున్నారు. యంత్రం విషయానికొస్తే, భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ అనే కోబాల్ట్ యంత్రం దేశంలోనే తయారై విదేశాలకూ వెళ్ళింది. లీనియర్ యాక్సిలరేటర్ అనే మరో రకం యంత్రమంత సూక్ష్మంగా పనిచేయకపోయినా, నొప్పి తగ్గించే చికిత్సకు, నేర్చుకునే వాళ్ళ చేతికి అది చాలా మంచి మొదలు. అమెరికాలోనే ఎన్నో పశువైద్యశాలలు మనుషుల ఆసుపత్రులు మార్చేసిన యంత్రాల్ని మరమ్మతు చేయించి వాడుకుంటాయి.

నియమాలు కఠినంగా ఉంటాయి, ఉండాలి కూడా. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ఒక విశ్వవిద్యాలయం పాతసామానుగా అమ్మేసిన కోబాల్ట్ పరికరాన్ని విప్పి ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ పాఠం మరువకూడదు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే యంత్రాన్ని ఉంచే బంకరుకు పునాది తీయకూడదు. కిరణం నేరుగా తగిలే గోడ కాంక్రీటు మందం సుమారు రెండు మీటర్లు ఉండాలి. రేడియేషన్ భద్రతా అధికారి ఉండాలి. పనిచేసే ప్రతి ఒక్కరి ఛాతీ మీద డోసు కొలిచే బ్యాడ్జి ఉండాలి. ఆ డోసు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. ఇవన్నీ నగరంలోని ప్రతి క్యాన్సర్ ఆసుపత్రీ పాటిస్తున్నవే. రాజేంద్రనగర్‌లో అందుకు కావలసినంత స్థలం ఉంది, చుట్టూ ఇళ్ళ ఒత్తిడి తక్కువ, జంతువుల్ని మత్తులో పెట్టి లేపడంలో చేయి తిరిగిన డాక్టర్లు ఉన్నారు. కొత్త ఫ్లైఓవర్ ఎక్కితే నెహ్రూ జూ పార్కు కూడా దగ్గరే. అక్కడ ముసలి పులికో సింహానికో కణితి వచ్చినా ఈ తలుపే తట్టవచ్చు.

'మనుషులకే దిక్కులేదు' అన్నవాళ్ళకు

ఎంఎన్‌జే వరండాలో నేలమీద దుప్పటి పరుచుకుని తమ వంతు కోసం ఎదురుచూసే పల్లె జనాన్ని చూసినవాళ్ళు ఈ కథనం చదివి నొచ్చుకోవచ్చు. వాళ్ళ బాధ న్యాయమైనది. మనిషి వంతు ఒక్కటి కూడా కుక్క కోసం తీయకూడదు. మనుషుల ఆసుపత్రి యంత్రం మీద రాత్రిపూట జంతువుల్ని పడుకోబెట్టే ఆలోచనా నాకు నచ్చదు. పశువైద్య విశ్వవిద్యాలయానికి విడిగా ఒక యంత్రం కావాలని అంటున్నాను. ఖర్చు భరించగల యజమాని దగ్గర పూర్తి రుసుము తీసుకోవాలి. పోలీసు, సీఐఎస్‌ఎఫ్ కుక్కలకు, వీధి జంతువుల్ని సాకే సంస్థలు తెచ్చేవాటికి ఉచితంగా చేయాలి. పశువైద్యాన్ని ఇంటి గుమ్మందాకా తేవడానికి 2017లోనే 1962 నంబరుతో సంచార వాహనాలు నడిపిన రాష్ట్రమిది. అప్పుడూ 'పశువులకు అంబులెన్సా' అన్నవాళ్ళున్నారు. రైతులు మాత్రం ఫోన్ చేశారు.

యంత్రం కన్నా ముందు కావలసింది మనిషి. విశ్వవిద్యాలయం ఇద్దరు ముగ్గురు యువ డాక్టర్లను ఎంచుకుని, తిరిగొచ్చి కొన్నేళ్ళు పనిచేయాలన్న ఒప్పందంతో జీతమిచ్చి రెసిడెన్సీకి పంపాలి. వాళ్ళు తిరిగొచ్చే నాటికి ఇక్కడ పోస్టు మంజూరై ఉండాలి. ఆ నాలుగైదేళ్ళలో బంకరు కట్టుకోవచ్చు, నియంత్రణ మండలి అనుమతులు తెచ్చుకోవచ్చు, నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రి ఫిజిసిస్టులతో అవగాహన కుదుర్చుకోవచ్చు. అమెరికాలో, కెనడాలో స్థిరపడిన మన పశువైద్యులు ఏడాదికి ఒక నెల వచ్చి నేర్పినా అది పెద్ద సాయమే. యంత్రం ముందు కొని, నడిపేవాళ్ళ కోసం తర్వాత వెతకడం మన ఆసుపత్రుల్లో చాలాసార్లు చూశాం. ఇక్కడ ఆ తప్పు జరగకూడదు.

ఇది జరిగేదాకా ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. నెలకోసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తల నుంచి తోక దాకా, నోటి లోపల, పొట్ట కింద, చంకల్లో చేత్తో తడిమి చూడండి. కొత్త గడ్డ తగిలినా, ఒక ముక్కు రంధ్రం నుంచే రక్తం వచ్చినా, పుండు మూడు వారాలకు మానకపోయినా డాక్టర్‌కు చూపించండి. 'కొవ్వు గడ్డేలే' అని ఇంట్లో తేల్చేయకండి, సూదితో కణాలు తీసి పరీక్ష చేయమని అడగండి. అది చిన్న పరీక్ష, మత్తు కూడా అక్కర్లేదు. గడ్డ ఇంకా చిన్నగా ఉండగానే పట్టుకుంటే చాలా కుక్కలకు కత్తితోనే నయమవుతుంది.